మాస్కులోకి వచ్చిన వాసన

రసాయన ఆయుధాలను నాశనం చేసే పనిలో చేరబోతున్నామంటూ ఈమధ్య కొందరు ఆడపిల్లలూ మగపిల్లలూ నాకు ఫోన్ చేస్తున్నారు. అందరూ మొదట అడిగేది ఒకటే. "భయం వెయ్యలేదా మేడమ్?"

వేసింది. ఇప్పటికీ వేస్తోంది. అయితే ఫిరంగి గుండు పేలుతుందేమోనని నేను ఒక్కరోజు కూడా భయపడలేదు. గుండ్లు ఒక దేశంలో ఉండేవి, నేను ఒమాన్‌లో ఉండేదాన్ని. నా భయం మనుషులతో. "అర్థమైందా?" అని అడిగితే "అర్థమైంది" అంటారు చూడండి, ఆ మాటతో.

ఆ దేశం పేరు చెప్పను. అక్కడి వాళ్ళు ఇంకా అక్కడే బతుకుతున్నారు. ప్రమోషన్లు, రిపోర్టులు, ఎవరెవరితో దిగిన ఫొటోలు, ఇవేవీ రాయను. ఒక్క మనిషికి నావల్ల జరిగింది రాస్తాను. ఈ పని గురించి నాకు తెలిసినదంతా దాంట్లోనే ఉంది.

ఇందులోకి ఎలా వచ్చాను

మాది కాకినాడ. ఎరువుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టుగా మొదలుపెట్టాను. పెళ్ళయ్యాక మా ఆయనకి సూర్‌లో గ్యాస్ ప్లాంటులో ఉద్యోగం వస్తే ఒమాన్ వచ్చాం. నేను ఒక ప్రైవేటు ల్యాబ్‌లో ఫ్యాక్టరీ వ్యర్థాలు పరీక్షించే పనిలో చేరాను. మురికి నీళ్ళు, బురద, పాత డ్రమ్ముల అడుగున మిగిలిన జిగురు. ఇరవయ్యేళ్ళు అదే పని.

ఒకరోజు ఇంజనీర్ సయీద్ గారు ఫోన్ చేశారు. ఒమాన్ సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి. తక్కువ మాట్లాడతారు. ఆ తక్కువ మాటల్లోనే ఉర్దూ, ఇంగ్లీషూ కలిపేస్తారు.

"మేడమ్ విజయా, విషాన్ని చూసి పరిగెత్తని కెమిస్టు కావాలి. మరీ ధైర్యవంతులు కూడా వద్దు," అన్నారు.

ఆ దేశంలో పాత ప్రభుత్వం కూలిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు గోడౌన్లు తెరుస్తుంటే, లెక్కల్లో ఎక్కడా లేని ఫిరంగి గుండ్లు బయటపడ్డాయి. లోపల మస్టర్డ్ అనే విషం. ఆవాలకీ దానికీ సంబంధం లేదు, పేరు అంతే. కొన్ని గుండ్లు తుప్పుపట్టి కారుతున్నాయి. "మా దగ్గర ఇవి ఉన్నాయి, నాశనం చెయ్యడానికి సాయం చెయ్యండి" అని ఆ కొత్తవాళ్ళే ప్రపంచాన్ని అడిగారు. ఒక దేశం గుండ్లను లోపలపెట్టి కాల్చే ఉక్కు గది పంపింది. ఒక దేశం మాస్కులిచ్చింది. మరో దేశం ఆ మాస్కులకి బిగించే ఫిల్టర్లిచ్చింది. ఇంకొకరు డాక్టర్లని పంపారు. ఒకరి గడపలో ఒకరు కాలు పెట్టని దేశాలు కూడా అందులో ఉన్నాయి. వాళ్ళందరూ గొడవ లేకుండా దిగగలిగిన చోటు ఒమాన్. అందుకే పని చేసేవాళ్ళకి ట్రైనింగ్ ఇక్కడ పెట్టారు. ఇబ్రా ఊరి బయట ఒక పాత ఐటీఐ లాంటి భవనం మాకిచ్చారు. వారమంతా నేను అక్కడే రూమ్‌లో ఉండేదాన్ని. గురువారం మధ్యాహ్నం సూర్‌లో ఇంటికి.

రక్షణ సామగ్రి సరిచూసి, మనుషులకి నేర్పి, "వీళ్ళు లోపలికి వెళ్ళవచ్చు" అని సంతకం పెట్టడం నా పని.

ఎనిమిదిమంది

మొదటి బ్యాచ్‌లో ఎనిమిదిమంది వచ్చారు. వాళ్ళ నాయకుడు నిజార్. నలభై దాటిన మనిషి, బడిలో సైన్సు మాస్టారు. నన్ను "ఉస్తాదా" అనేవాడు, పంతులమ్మా అన్నట్టు. మాస్కు ముఖానికి అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదని చెప్పినరోజు, అందరికంటే ముందు తను గీసుకొచ్చాడు. చిన్నపిల్లాడిలా కనిపిస్తున్నావని మిగతావాళ్ళు ఏడిపించారు.

నాకు వచ్చిన అరబ్బీ బజారుకి సరిపోతుంది, పాఠానికి చాలదు. అందుకని ఫారిస్ అనే దుబాసీని పెట్టారు. మంచివాడు, చాలా మర్యాదస్తుడు. నేను పది వాక్యాలు చెబితే పది వాక్యాలూ చెప్పేవాడు. వాళ్ళు పది చెబితే నాకు ఒకటే వచ్చేది: "తమామ్, మేడమ్." అంతా బాగుంది.

మూడు వారాలు అంతా తమామ్. వేడి నలభై మూడు. రబ్బరు సూట్లలో అరగంట నడిపించి బయటికి తీస్తే బూట్లలోంచి చెమట నీళ్ళలా కారేది. ఎలా ఉంది? తమామ్.

నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. వచ్చింది కూడా. దాన్ని పక్కన పెట్టాను. పైనుంచి ప్రాజెక్టు హెడ్ రోజూ ఒకటే ప్రశ్న. "టీమ్ ఎప్పుడు బయల్దేరుతోంది?"

అరటిపండు

మాస్కు సరిగ్గా మూసుకుందా లేదా చూడటానికి ఒక పాత పద్ధతి ఉంది. అరటిపండు వాసన వచ్చే, హాని లేని ద్రవం ఒకటుంటుంది. మాస్కు పెట్టుకున్న మనిషిని చిన్న గుడారంలో నిలబెట్టి, లోపల దూదిమీద ఆ చుక్కలు వేస్తాం. తల అటూ ఇటూ తిప్పమంటాం, గట్టిగా మాట్లాడమంటాం. అరటిపండు వాసన వస్తే మాస్కు కారుతున్నట్టు. రాకపోతే మంచిది.

బుధవారం పొద్దున ఎనిమిదిమందికీ ఆ పరీక్ష చేశాను. "వాసన వచ్చిందా?" ఎనిమిదిమందీ లేదన్నారు. సంతకం పెట్టాను.

మధ్యాహ్నం షమీమ్ నా గది గుమ్మంలో నిలబడింది. షమీమ్‌ది కడప జిల్లా. మా మెస్‌లో వంట సాయం. అంతకుముందు బురైమిలో ఒక ఇంట్లో పన్నెండేళ్ళు పనిచేసింది. ఆ ఇంటావిడ ఈ ఎనిమిదిమంది దేశపు మనిషే. అందుకని వాళ్ళ మాట షమీమ్‌కి కొట్టినపిండి.

"మేడమ్, ఒక మాట చెప్తా, కోప్పడొద్దు."

"చెప్పు."

"అన్నం కాడ వాళ్ళు నగుతాండారు. ఆ అయ్యవారికి, అదే నిజార్‌కు, అరటిపండు ఇస్తి. వొద్దులేమ్మా, పొద్దన్నుంచి మూతికి కట్టుకున్నేదాంట్లో అదే వాసన అన్యాడు. పక్కనాయన, ఊరుకో, గోడలకు చెవులుంటాయి అన్యాడు. దేని గురించో నాకు తెల్దు. మీకు చెప్పాలనిపించింది."

నేను లాప్‌టాప్‌లోంచి తల ఎత్తి ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "గుడారంలో నుంచి బయటికొచ్చి మాస్కు తీశాక బట్టలకి పట్టిన వాసన అయ్యుంటుంది షమీమ్. మేం చూసుకుంటాంలే."

"సరే మేడమ్," అని వెళ్ళిపోయింది.

ఇక్కడ దాపరికం లేకుండా చెబుతాను. అదే మాట ఫారిస్ వచ్చి చెప్పి ఉంటే పరీక్ష మళ్ళీ చేసేదాన్ని. వంటగదిలోంచి వచ్చింది కాబట్టి చెయ్యలేదు. ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉన్న కెమిస్టుని, గరిటె పట్టుకున్న మనిషి మాట నాకు సమాచారంలా వినిపించలేదు.

గురువారం టీమ్ విమానం ఎక్కింది. నేను సూర్ వెళ్ళిపోయాను.

శనివారం

శుక్రవారమంతా ఇంట్లో ఏ పనీ సాగలేదు. పప్పు మాడ్చాను. మా ఆయన రెండుసార్లు పిలిస్తే పలకలేదట. "పొద్దన్నుంచి మూతికి కట్టుకున్నేదాంట్లో." పొద్దన్నుంచి అన్నాడు. పరీక్ష పది నిమిషాలే. బట్టలకి పట్టిన వాసనైతే బట్టలనేవాడు కదా?

శనివారం తెల్లారగానే షమీమ్‌కి ఫోన్ చేశాను.

"నిజార్ ఇంకేమన్నా అన్నాడా?"

"డబ్బా సరిగ్గా కూచోదన్యాడు మేడమ్. బిగించినట్టే ఉంటాది, ఇంకొంచెం తిప్పితే జారిపోతాది అన్యాడు. నేను టిఫిన్ డబ్బా అనుకుంటి."

కారు తీసి ఇబ్రా బయల్దేరాను. రెండు గంటల దారి. ఎలా నడిపానో తెలియదు. స్టోరు తెరిచి, మిగిలిన మాస్కులూ ఫిల్టర్లూ నేలమీద పరిచి ఒక్కొక్కటీ చేత్తో బిగించి చూశాను. ఫిల్టర్ అంటే చిన్న డబ్బాలా ఉంటుంది, మరలు తిప్పి మాస్కుకి బిగించాలి. ఒక దేశపు మాస్కు, ఒక దేశపు ఫిల్టర్. కాగితాల మీద రెండింటి కొలతా ఒకటే, నలభై మిల్లీమీటర్లు. కానీ మరల మధ్య ఎడం వేరు. తిప్పితే ఎక్కుతుంది. బిగిసినట్టే అనిపిస్తుంది. ఇంకో పావు చుట్టు తిప్పితే వదులవుతుంది. సరుకు వచ్చినరోజు నేను సరిచూసిన రెండు జతలూ మొదటి పెట్టెలోవి, అందులో మాస్కులిచ్చిన దేశం నమూనాకి కొన్ని తన ఫిల్టర్లే పెట్టింది. తర్వాతి పెట్టెలు కాగితం చూసి వదిలేశాను.

సయీద్ గారికి ఫోన్ చేశాను. "సార్, నేను తప్పు సంతకం పెట్టాను. ఫిల్టర్లు సరిపోవు. ఎవర్నీ గుండ్ల షెడ్డు లోపలికి పంపొద్దని చెప్పండి."

ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అక్కడి సైట్‌కి అప్పటికప్పుడు ఫోన్ చేశారు. తిరిగి నాకు చేసి అన్నారు, "నిజార్ పది నిమిషాల క్రితం లోపలికి వెళ్ళాడు. బయటికి పిలుస్తున్నారు."

చూస్తూ కూర్చోవడం

మస్టర్డ్‌తో అసలు కష్టం ఏమిటంటే, తగిలినప్పుడు ఏమీ తెలియదు. మంట ఉండదు, నొప్పి ఉండదు. మనిషి నవ్వుతూ బయటికి వస్తాడు. కొన్ని గంటలు గడిచాక కళ్ళు ఎర్రబడతాయి, గొంతు పోతుంది, చర్మం మీద బొబ్బలు లేస్తాయి. అప్పటిదాకా చెయ్యగలిగిందల్లా కడగడం, కనిపెట్టుకుని ఉండటం.

నిజార్ తనంతట తనే బయటికి వస్తుండగా పిలుపు అందిందట. మాస్కులోకి వెల్లుల్లి లాంటి మస్టర్డ్ వాసన వచ్చిందని వెనక్కి తిరిగాడు. బట్టలు తీయించి, ఒళ్ళంతా కడిగి, కళ్ళలో నీళ్ళు పోసి టెంటులో కూర్చోబెట్టారు. అక్కడి డాక్టరమ్మ కెమెరా పెట్టింది. ఇబ్రాలో ట్రైనింగ్ హాల్లో తెర ముందు నేనూ, మస్కట్ నుంచి కారులో వచ్చిన సయీద్ గారూ, షమీమూ. ఫారిస్ సెలవులో ఉన్నాడు. షమీమ్‌ని నేనే పిలిచాను.

పదకొండింటికి నిజార్ టీ తాగాడు. తెరలో నన్ను చూసి చెయ్యి ఊపాడు. "తమామ్, ఉస్తాదా."

నేను తెరలో అతని కళ్ళనే చూస్తున్నాను.

పన్నెండింటికి ఏమీ లేదు. ఒంటిగంటకి ఏమీ లేదు. ఈలోగా ప్రాజెక్టు హెడ్ ఫోన్ చేశాడు. మనిషికి ఏం లేదుగా, సాయంత్రం దాకా చూసి ఆ తర్వాత అందరికీ చెబుదాం అన్నాడు. సయీద్ గారు స్పీకర్ మీదే జవాబిచ్చారు. "సార్, ఇదే ఫిల్టర్లు ఇంకో రెండుచోట్లకి వెళ్ళాయి. అక్కడ కూడా మనుషులున్నారు." ఫోన్ పెట్టేసి, గంటలోపల అన్ని దేశాలకీ తనే సందేశం పంపారు. దాంట్లో నా సంతకం సంగతి కూడా ఉంది, ఒక్క ముక్క దాచలేదు. పంపేముందు నాకు చదివి వినిపించారు. అంత భయంలోనూ ఆ మనిషిమీద గౌరవం కలిగింది. పైవాళ్ళలో అలాంటివాళ్ళు నాకు అరుదుగా దొరికారు.

రెండున్నరకి నిజార్ కళ్ళు రుద్దుకున్నాడు.

డాక్టరమ్మ అతని చేతులు పట్టుకుని కిందికి దించింది. టార్చి వేసి చూసింది. తర్వాత కెమెరాని అతని ముఖానికి దగ్గరగా జరిపింది. రెండు కళ్ళూ ఎర్రబడ్డాయి. నాలుగింటికి కళ్ళు తెరవలేకపోతున్నాడు. గొంతు బొంగురుపోయింది. ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు షమీమ్?"

"గుండ్లలో ఎన్ని కారతాండాయో నేను లెక్కపెట్టినా, మర్చిపోకముందే రాసుకోండి అంటాండాడు మేడమ్."

షమీమ్ చెప్పింది, సయీద్ గారు రాసుకున్నారు.

ఉన్నదున్నట్టు

నిజార్‌ని మస్కట్ తీసుకొచ్చారు. పది రోజులకి కళ్ళు తెరిచాడు. చూపు పోలేదు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. తుప్పుపట్టిన తలుపు తీసినట్టు ఉండేది.

చూడటానికి వెళ్తూ షమీమ్‌ని తీసుకెళ్ళాను. మంచం పక్కన కూర్చుని చెప్పాను. "నిజార్, ఫిల్టర్లు సరిచూడాల్సింది నేను. చూడలేదు. సంతకం నాది."

షమీమ్ చెప్పింది.

"వాసన నాకు వచ్చింది, ఉస్తాదా. మీరు అడిగినప్పుడు లేదన్నాను."

"ఎందుకు?"

"ఆ షెడ్డుకీ మా ఊరికీ మధ్య ఒక్క గోధుమ చేను అడ్డం. మా అమ్మ ఆ పక్క బావి నీళ్ళే తాగుతుంది. నేను ఫెయిలైతే మమ్మల్నందర్నీ ఆపేస్తారనుకున్నాను. ఇంకో టీమ్ రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది? డబ్బా గురించి ఫారిస్‌కి చెప్పాను. అతను మీకేం చెప్పాడో తెలియదు."

తర్వాత ఫారిస్‌ని అడిగితే తలవంచుకున్నాడు. "చిన్న ఫిర్యాదు అనుకున్నాను మేడమ్. వాళ్ళు మీ ముందు చులకన కాకూడదని." అతన్ని నేను తిట్టలేదు. అతను మర్యాద కోసం చేసిందే నేను తొందర కొద్దీ చేశాను.

నిజార్ ఇంకేదో అన్నాడు. షమీమ్ నావైపు చూసింది.

"ఉన్నదున్నట్టు చెప్పాల్నా మేడమ్?"

"చెప్పు."

"నేను బళ్ళో పదహారేండ్లు పాఠం చెప్పినా. అర్థమయ్యిందా అంటే పిల్లోళ్ళు అయ్యిందనే అంటారు. ఒగ దినమూ నమ్మింది లేదు. మీరెట్ల నమ్మినారు? అంటాండాడు."



ఆ తర్వాత చేసిన మార్పులు మీకు పనికొస్తాయి కాబట్టి రాస్తున్నాను. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్న అడగడం మానేశాను. "అర్థమైందా" అనను, "చేసి చూపించు" అంటాను. వాసన పరీక్షలో ఏ వాసన పెట్టానో చెప్పను, ఒకసారి అరటిపండు, ఒకసారి ఇంకోటి, ఒకసారి ఏమీ లేకుండా. ఏం వాసనో వాళ్ళే చెప్పాలి. లోపం చెప్పినవాణ్ణి వెనక్కి పంపించం అని సయీద్ గారు వాళ్ళ భాషలో రాయించి గోడకి పెట్టించారు, మొదటి నెలలో ఇద్దరు చెప్పారు, ఇద్దర్నీ ఉంచారు. దాంతో మిగతావాళ్ళకీ నోరొచ్చింది. షమీమ్ తరగతిలో దుబాసీ పక్కనే కూర్చునేది. ఆమె లేకుండా నేను పాఠం మొదలుపెట్టలేదు. కంపెనీ కాగితాల్లో మాత్రం చివరిదాకా ఆమె వంటగది సహాయకురాలే. మార్చమని మూడుసార్లు రాశాను. మారలేదు.

నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. విచారణ జరిగింది, మందలించి ఉంచారు. ఉంచడం సరైందో కాదో నాకు తెలియదు. మాస్కులిచ్చిన దేశంవాళ్ళూ ఫిల్టర్లిచ్చిన దేశంవాళ్ళూ తప్పు మీదంటే మీదని వారంపాటు ఉత్తరాలు రాసుకున్నారు. చివరికి ఇద్దరి మనుషులూ ఇబ్రాలో మా స్టోరులో నేలమీద పక్కపక్కన కూర్చుని, ఒకరి డబ్బా ఒకరి మాస్కుకి తిప్పి చూశారు. నవ్వలేదు, దెబ్బలాడుకోనూ లేదు. పదిహేను రోజుల్లో కొత్త ఫిల్టర్లు వచ్చాయి. దేశాల సహకారం అనే పెద్దమాట నేను కళ్ళారా చూసింది ఆ నేలమీదే.

కంచె

గుండ్లన్నీ కాల్చడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఒక్కొక్క గుండునీ ఉక్కు గదిలో పెట్టడం, తలుపు మూయడం, కాల్చడం, లోపలి గాలి శుభ్రమయ్యేదాకా ఆగడం. ప్రతిసారీ తెర ముందు కూర్చుని చూసేదాన్ని. చివరి గుండు రోజు అక్కడ చప్పట్లు కొట్టారు. సయీద్ గారు కుర్చీలోంచి లేచి, "ఇక మట్టి," అని వెళ్ళిపోయారు.

షెడ్డు చుట్టూ నేలలో విషం మిగిలిందేమో చూడాలి. తేలేదాకా చుట్టూ కంచె. నిజార్ గొంతు బడికి పనికిరాకుండా పోయింది కాబట్టి ఆ కంచె కాపలా పని తీసుకున్నాడు. మట్టి నమూనాలు మూడు దేశాల ల్యాబులకి వెళ్ళేవి, ఒక భాగం నాకు.

వానలు పడి లోపల గడ్డి మోకాలెత్తు పెరిగింది. బయట గొర్రెలకి మేత లేదు. నిజార్ ఫోన్ చేశాడు, షమీమ్ లైన్‌లో ఉంది.

"మావాళ్ళు రోజూ వచ్చి అడుగుతున్నారు, ఉస్తాదా. తెరవచ్చా?"

నా బల్లమీద పన్నెండు ఫలితాలున్నాయి. పదకొండు శుభ్రం. ఒకటి అనుమానం.

"వద్దు," అన్నాను.

"సరే, చెబుతాను." చెప్పడమంటే సొంత మేనమామలకి, పక్కింటివాళ్ళకి ఎదురుగా నిలబడి, ఆ బొంగురు గొంతుతో వద్దనడం. ఆరు నెలల తర్వాత మళ్ళీ అడిగాడు. మళ్ళీ వద్దన్నాను. ఊళ్ళో కొందరు అతనితో మాట్లాడటం మానేశారని షమీమ్ తర్వాత చెప్పింది.

మూడోసారి పన్నెండూ శుభ్రంగా వచ్చాయి. మిగతా రెండు ల్యాబుల్లోనూ అంతే. అయినా అనుమానం వచ్చిన చోట మళ్ళీ తవ్వించి ఇంకోసారి చూశాను. సరేనని కాగితం పంపిన నెలకి రిటైరయ్యాను.

కంచె తీసినరోజు పొద్దున సూర్‌లో ఇంట్లో ఉన్నాను. నిజార్ ఫోన్. వెనకాల గొర్రెల అరుపులు. ఇప్పుడతనికి కొంచెం ఇంగ్లీషు వచ్చు, నాకు కొంచెం అరబ్బీ పెరిగింది.

"లోపలికి వెళ్ళాయి. నేనూ వాటితోనే ఉన్నాను, గడ్డిలో కూర్చున్నాను."

"కళ్ళు మండుతున్నాయా? గొంతులో ఏమన్నా ఉందా? గొర్రెలు దగ్గుతున్నాయా?"

"ఏమీ లేదు, ఉస్తాదా."

"నిజంగానా?"

అతను నవ్వాడు. నవ్వు గరగరమంది. "మీరే వచ్చి చూడండి."

అది జరిగి ఏడు నెలలైంది. వారానికోసారి మాట్లాడుకుంటాం. గొర్రెలు బాగున్నాయంటాడు, ఈనాయంటాడు. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు మనసు కుదుటపడదు. వచ్చే నెల వెళ్తున్నాం, నేనూ షమీమూ. రిటైరయ్యాక కూడా అక్కడికెందుకు, ఏం చూస్తావు అని మా ఆయన అడిగారు.

గడ్డి చూస్తానన్నాను.